ఇంటిమాట - బడిమాట

పదసంపద అనగానే చాలామందికి నిఘంటువులోని కఠినపదాలు గుర్తుకు వస్తాయి. వాటిని కంఠస్థం చేస్తే చదివినది అర్థమవుతుందనీ, వ్యాసం దానంతట అదే వస్తుందనీ భావిస్తారు. ఇది సరైన అభిప్రాయం కాదు. మనకు ముందుగా కావలసింది నిత్యం వాడే మాటల మీద పట్టు.

ఇతర రాష్ట్రాలలో చదివే తెలుగు పిల్లలకు ఇది మరీ ముఖ్యం. మన చెవిన ఎప్పుడూ రెండు భాషలు పడుతుంటాయి. ఒకే మాట రెండింటిలోనూ ఉండి, వేరువేరు అర్థాలు ఇవ్వవచ్చు. 'అవసరం' అంటే తెలుగులో కావలసి ఉండటం. కన్నడ, తమిళాలలో తొందర. 'శిక్ష' మనకు దండన, ఒడియాలో చదువు. 'ఉపన్యాసం' మనకు ప్రసంగం; ఒడియాలో నవల. 'అభ్యాసం' మనకు సాధన, మరాఠీలో చదువుకోవడం. "పనికి అవసరమైన వారినే పిలిచాడు" అన్న వాక్యాన్ని, తొందరపడేవారిని పిలిచాడని గ్రహిస్తే జవాబు తప్పుతుంది. తెలివి లేక కాదు, తెలిసిన మాటే కదా అని ఆగి ఆలోచించక. అందుకే సందేహం కలిగినప్పుడు ముందు వాక్యాన్నీ, తరువాతి వాక్యాన్నీ కలిపి చదవాలి.

ఇక వ్యాసం సంగతి. రైతును గురించి రాయమంటే 'రైతు దేశానికి వెన్నెముక' అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయేవారు ఎందరో! కాడి, మేడి, కర్రు అనే మాటలు ఇంట్లో విన్నవే అయినా రాయడానికి సంకోచిస్తారు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన వ్యవసాయ పదకోశాన్ని ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల నోటిమాటలను సేకరించే రూపొందించారు. పండితులు పొలాలకు వెళ్ళి రాసుకొన్న మాటలను రాయడానికి మనకు సిగ్గెందుకు?

అలాగని ఇంటిమాట ఒక్కటే చాలదు. కారణం, ఫలితం, ఉదాహరణ, పోలిక వంటి బడిమాటలు లేనిదే ఆలోచనలను ఒకదానితో ఒకటి ముడివేయలేము. ఇంటిమాట వ్యాసానికి విషయాన్ని ఇస్తుంది; బడిమాట దానికి క్రమాన్ని ఇస్తుంది. రెండింటిలో ఏది తగ్గినా రచన కుంటుపడుతుంది.

కనుక విద్యార్థులారా! రోజుకు రెండు మాటలు నేర్చుకోండి. ఒకటి ఇంట్లో పెద్దలను అడగండి. మరొకటి పాఠం నుండి తీసుకోండి. రెండింటినీ సొంత వాక్యాలలో రాయండి. పాఠంలోని మాట రేపైనా పుస్తకంలో దొరుకుతుంది. అవ్వకు మాత్రమే తెలిసిన మాట మీ నోటుపుస్తకంలో చేరకపోతే మరెక్కడా దొరకకపోవచ్చు.