రంగురాళ్ల సెట్టు

స్టూడియోలో సెట్టు దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. తెరమీద చలవరాయిలా మెరిసే నేల, వెళ్లి తడిమితే రంగేసిన చెక్క. హీరోయిన్ ఒక్క పాటకి ఆడి వెళ్లిపోతుంది కాబట్టి చెల్లిపోతుంది. అదే నేలమీద తిని, పడుకుని, తవ్వుకుని బతకాల్సిన ప్రాణికి చెల్లదు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, అదీ కామవరపుకోటలో.

అక్కడ డిగ్రీ చదివే మా మేనల్లుడు అరచేతిలో ఇమిడే తాబేలుపిల్లను తెచ్చుకున్నాడు. నక్షత్ర తాబేలేమోనని ముందు గుండె గుభేలుమంది. 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. కొల్లేటి చేలల్లో దొరికే తాబేలూ అంతే, పట్టి తేకూడదు. వీడిది సల్కాటా, సహారా ఎడారి దక్షిణపు అంచున పుట్టే జాతి. 2024 నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించాడు. బుద్ధిమంతుడు.

బుద్ధి లేనిది నాకే. ముచ్చటపడి, చేపల తొట్టెల్లో వేసే రంగురాళ్లు కొనిచ్చాను. పెట్టెలో పరిస్తే అచ్చం డ్యూయెట్ సెట్టే! ఫొటోలు కూడా తీశాం.

పదిరోజులకి ఫోను. "మావయ్యా, ఇది మేత ముట్టట్లేదండి. పెంట కూడా వెయ్యట్లేదు."

ఏలూరు తీసుకెళ్లి ఎక్స్‌రే తీయిస్తే పొట్టలో ఏడు రాళ్లు! తాబేలుకు పళ్లుండవు, ఆకు కొరికి మింగడమే. ఆకుతోపాటు రాయీ పోతుంది. డాక్టరుగారు మందిచ్చి, రోజూ గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టమన్నారు. ఒక్కొక్కటే ఆరొచ్చాయి. ఏడోది పదమూడోరోజున గానీ రాలేదు. ఆ పదమూడు రోజులూ వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మరి ఏం పరచాలి? ఊళ్లో తలా ఓ సలహా. మొక్కజొన్న కండెల పొడి అన్నారొకరు. తడి తగిలితే ఉబ్బుతుంది, పొట్టలోనైనా అంతే, పైగా బూజు. కోత మిల్లు పొట్టు దుమ్ము. వాసనగల చెక్కదైతే ఊపిరికీ చేటు. ఉత్త ఇసుక కడుపులో గట్టిపడొచ్చు. టైల్స్ మీద కాళ్లు జారి పక్కలకు పోతాయి. కాగితం మాత్రం జబ్బు రోజుల్లో మంచిదే. మన వారపత్రికే పరుచుకోండి, నడిమి పేజీ బొమ్మ దాచుకుని!

కొబ్బరితోటల్లో కోకో వేసే ప్రాంతం కదా, కోకో గింజల పొట్టు తెస్తానన్నాడు పక్కింటాయన. వద్దే వద్దు. అందులోని థియోబ్రొమిన్ జంతువులకు విషం. నర్సరీల్లో కోకోపీట్ అని అమ్మేది వేరు, అది కొబ్బరిపీచు పొడి. ఒక్క అక్షరం పొరపాటుపడితే అంతే సంగతులు.

చివరికి పెరట్లో మందు కొట్టని ఎర్రమట్టి జల్లించి, కడిగిన కోకోపీట్ కలిపి నాలుగంగుళాలు పరిచాం. పుగాకు చేలో మట్టి వద్దన్నాను, పురుగుమందుల భయం. అడుగు కాస్త చెమ్మగా, పైన పొడిగా ఉండాలి. ఎడారి జాతికి చెమ్మెందుకంటారా? ఇవి మండే ఎండల్లో బొరియల్లో దాక్కునే జీవాలు. గాలి మరీ పొడిగా ఉంటే డిప్ప గుట్టలు గుట్టలుగా లేస్తుందని 2003లో ఆస్ట్రియా పరిశోధకులు సల్కాటా పిల్లలమీదే తేల్చారు. అలాగని బురద చేస్తే డిప్ప అడుగు కుళ్లుతుంది. మేత మాత్రం పలకరాయి మీద పెట్టాలి, మట్టిలో కాదు.

ఆ రాత్రే మళ్లీ ఫోను. "మావయ్యా, తాబేలు కనపడట్లేదండి!"

"మట్టిలో చూడరా."

కాసేపు నిశ్శబ్దం. "ఉందండి. తవ్వుకుని పడుకుంది."

పెద్దయితే నలభై, యాభై కిలోలు తూగుతుందిట. పెరడంతా దానిదే. నా రంగురాళ్లు ఇప్పుడు మా అక్క తులసికోట చుట్టూ ఉన్నాయి.