ఆటలకు ప్రతిలేఖకులు

1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, తరువాతి సంవత్సరాలలో చెదలు తింటున్న తాళపత్ర గ్రంథాలను సేకరించి, పండితులకు జీతమిచ్చి కాగితంపై ప్రతులు వ్రాయించారు. కర్నల్ మెకంజీ సేకరింపజేసిన గ్రామచరిత్రలు, అనగా కైఫీయతులు, శిథిలమవుతుంటే వాటికీ నకళ్లు తీయించారు. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పూర్వవృత్తాంతం కొంతైనా నేడు చదువగలుగుతున్నామంటే అది ఆ ప్రతిలేఖనాల పుణ్యమే.

అటువంటి పనినే నేడు జీతభత్యాల అపేక్ష లేని ఔత్సాహికులు కొందరు చేస్తున్నారు. వారు కాపాడుతున్నవి పాత వీడియో గేములు. ఈ పోలికకు విద్వాంసులు నొసలు చిట్లించవచ్చు. కాని ప్రబంధాలను కూడ కాలక్షేపమని తీసిపారేసినవారు ఒకప్పుడు లేకపోలేదు.

1983లో జపానులో నింటెండో సంస్థ ఫ్యామికామ్ అనే ఆటయంత్రాన్ని విడుదల చేసింది. మన దేశంలో అసలు యంత్రం కంటె దాని చవక నకళ్లే విరివిగా వ్యాపించాయి. 1990లలో ప్రొద్దుటూరు వంటి పట్టణాల పిల్లలు టీవీకి తగిలించి ఆడిన మారియో, కాంట్రా ఎక్కువగా ఆ నకళ్లలోనివే. క్యాసెట్టు అట్టపై వేల ఆటలున్నట్లు వ్రాసి ఉండేది. లోపల ఉండేవి మాత్రం కొద్దిపాటి ఆటలే. అవే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చేవి!

పాత యంత్రం ప్రవర్తనను కంప్యూటరులో యథాతథంగా అనుకరించే సాఫ్ట్‌వేరును ఎమ్యులేటర్ అంటారు. ప్రాసెసర్ ఏ ఆదేశానికి ఎంత సమయం తీసుకొనేదో, తెరపై ఏ గీత ఏ క్షణాన పడేదో పరిశీలించి దానిని నిర్మించాలి. 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా ప్రారంభించిన ‘మేమ్’ ఆర్కేడ్ యంత్రాలకు ఇట్టి సేవ చేసింది. ఫ్యామికామ్ అభిమానులు నకలు క్యాసెట్లను సైతం విప్పి, వాటిలోని విచిత్రమైన సర్క్యూట్లను నమోదు చేశారు. మాతృసంస్థ తన చరిత్రలో ఆ నకళ్లకు చోటివ్వదు. ప్రొద్దుటూరు బాలుడు ఏ ఆట ఆడాడో రేపటివారికి తెలియాలంటే ఈ ప్రతిలేఖకులే దిక్కు.

ఇందులో న్యాయసంబంధమైన చిక్కు ఉంది. ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ నిర్మాణానికై కనెక్టిక్స్ సంస్థ జరిపిన పరిశీలన కాపీరైట్ ఉల్లంఘన కాదని 2000లో అమెరికా అప్పీళ్ల న్యాయస్థానం తీర్పునిచ్చింది. ఆటలను అనుమతి లేక పంచిపెట్టడం వేరు. అంగడిలో దొరుకుతున్న ఆటను ఉచితంగా పంచడం సమర్థనీయం కానేకాదు. అయితే 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటలలో 87 శాతం విక్రయానికే లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించింది. అట్టి ఆటలను దూరప్రాంత పరిశోధకులకు చూపేందుకు గ్రంథాలయాల పక్షాన అనుమతి కోరితే 2024లో అమెరికా కాపీరైట్ కార్యాలయం నిరాకరించింది. తాము అమ్మరు, ఇతరులను భద్రపరచి చూపనివ్వరు. ఈ పట్టుదలలో న్యాయం కనబడదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇండ్ల అటకలపై పసుపుపచ్చని క్యాసెట్లు ఇంకా కొన్ని పడి ఉండవచ్చు. పాత సామానుల వానికి తూకానికి వేస్తే, ఎవరూ ప్రతి తీయని ఆట ఒకటి వాటితో పోవచ్చు.