పులస ధరా, పులస రుచా?

గోదాట్లోకి ఎర్రనీరు దిగిందంటే ధవళేశ్వరంలో పులస కబుర్లు మొదలవుతాయి. సముద్రంలో విలసగా తిరిగే చేప, గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది గౌతమి, వసిష్ఠ పాయల్లోకి ఎక్కాక పులస అవుతుంది. బ్యారేజీ దాకా వచ్చేసరికి దారి మూసుకుపోతుంది. బేరానికొచ్చినవాడు మొప్పలెత్తి ఎరుపు చూస్తాడు, పొట్ట నొక్కి జన ఉందో లేదో తేల్చుకుంటాడు. ధర వేలల్లో చెబుతారు. అయినా వట్టి చేతులతో వెనుదిరగడానికి మనసొప్పదు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఈ నేల మీదే పుట్టింది.

మరి అంత ఖర్చు పెట్టించేది రుచేనా?

కాదంటుంది మెదడు శాస్త్రం. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ ఎలుకల మెదడులో డోపమైన్ అనే రసాయనం దాదాపు లేకుండా చేసి చూశారు. నాలుక మీద తీపి వేస్తే అవి ఎప్పటిలాగే లొట్టలేశాయి. కానీ ఆ తీపి కోసం ఒక్క అడుగు కూడా వేయలేదు. అంటే కావాలనిపించడం వేరు, తిని ఆనందించడం వేరు. పరుగు పెట్టించేది మొదటిదే.

2013లో బెరిడ్జ్, మైక్ రాబిన్సన్ వెల్లడించిన ప్రయోగం ఇంకా విచిత్రం. ఒక మీట బయటికి వచ్చినప్పుడల్లా ఎలుకల నోట్లో మృతసముద్రమంత ఉప్పటి నీరు పోశారు. మీట కనబడితే చాలు, అవి దూరంగా నక్కేవి. తర్వాత మందులిచ్చి వాటి ఒంట్లో ఉప్పు తగ్గించారు. ఈసారి, ఆ నీటిని మళ్లీ రుచి చూడకముందే, అదే మీట మీద ఎగబడ్డాయి. ఒంటి అవసరం మారేసరికి మెదడు వేసే వెల కూడా మారిపోయింది.

మనుషుల్లో ఆ వెలను ధరచీటీ కూడా మార్చగలదు. 2008లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒకే వైన్‌ను 10 డాలర్లదని ఒకసారి, 90 డాలర్లదని మరోసారి చెప్పి తాగించారు. ఖరీదైనదే బాగుందన్నారు తాగినవాళ్లు. ఆనందాన్ని లెక్కగట్టే మెదడు భాగం కూడా అప్పుడే ఎక్కువ చురుగ్గా పనిచేసింది. ఒడిశా, బెంగాల్ చేపను గోదావరి పులసగా అంటగట్టే వ్యాపారం సాగుతోందంటే ఆశ్చర్యమేముంది? బెండకాయ ముక్కలేసి, చింతపండు పులుసులో మరిగించి, రాత్రంతా ఉంచి మర్నాడు వడ్డించాక, తేడా పట్టేవాళ్లు ఎందరు?

మామూలు సరుకైతే ధర మండితే కొనేవాళ్లు తగ్గుతారు. పులస విషయంలో ధరే ఊరిస్తుంది. చేప అరుదయ్యేకొద్దీ దాన్ని తినడం గొప్ప, బంధువులకు పంపడం మరీ గొప్ప. అందుకే గిరాకీ దానంతటదే తగ్గి పులస బతుకుతుందని చేతులు కట్టుకుని కూర్చోవడం తగదు. పైగా వలలో పడేది గుడ్లు పెట్టవలసిన చేప.

తూర్పు తీరంలో మరపడవల వేటకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల విరామం ఉంది. పులస ఏరెక్కేది ఆ తర్వాతే. బంగ్లాదేశ్ ఇదే జాతి చేప కోసం అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు వేట ఆపి, జాలర్లకు బియ్యం ఇస్తోంది. గోదావరి పాయల్లోనూ ఎర్రనీటి రోజుల్లో కొన్నాళ్లు పులస వలలు ఆపాలి, ఆ రోజులకు భృతి ఇవ్వాలి. ఏడాదికొకసారి వచ్చే రాబడిని ఊరికే వదులుకొమ్మంటే ఏ జాలరీ ఒప్పుకోడు. ఏ రోజులు ఆపాలో, ఎంత ఇవ్వాలో పాయల్లో పడవ నడిపేవాళ్లను కూర్చోబెట్టి అడిగి, వచ్చే వరదలోపే మత్స్యశాఖ తేల్చాలి.