స్టేజీ మీద మంట, స్టేజీ ఎనుక మన పిల్లగాడు

ముహూర్తాలు మొదలైనయంటే మేడ్చల్ హైవే పొంటి, షామీర్‌పేట దిక్కు రాజీవ్ రహదారి పొంటి ఫంక్షన్ హాళ్లకు రాత్రీ పగలూ తెల్వది. పెండ్లిపిల్ల, పిల్లగాడు స్టేజీ ఎక్కంగనే రెండు దిక్కుల గుప్పున మంట లేవాలె, సెల్‌ఫోన్లు లేవాలె. ఆ వీడియో అందరం చూస్తం. మంట ఎనుక ఏమున్నదో ఎవ్వలం చూడం.

ఉన్నది ఒక డబ్బ. అండ్ల ట్యాంకు, పంపు, వాల్వు, నిప్పురవ్వ కొట్టే ముల్లు. పంపు ఫ్యూయల్‌ను ఒత్తిడితోని తోస్తది, బటన్ కొడితే వాల్వు తెరుసుకుంటది, తుంపర్లు పైకి లేసి అంటుకుంటయి. బటన్ ఇడిస్తే మంట ఆగుతది గని పైపుల ఒత్తిడి ఆగాల్నని లేదు. ప్లగ్గు పీకినా కొన్ని మిషన్లల్ల అట్లనే ఉంటది. గా టైంల పైపు ఊడదీసిన పిల్లగాని అంగి తడుస్తది. ఎన్కసిరి చిన్న రవ్వ చాలు.

ఏ ఫ్యూయల్ పొయ్యాల్నో మిషన్ బుక్కుల రాసి ఉంటది. చానా వాటిల్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అది పిరమనో, దొరకలేదనో పెట్రోల్ పోస్తే కథే మారుతది. ఐసోప్రొపైల్ 12 డిగ్రీల కాడ్నే అంటుకునే ఆవిరి ఇస్తది. పెట్రోల్ అయితే సున్నాకు 40 డిగ్రీలు కిందున్నా ఇస్తది. మన చలికాలం రాత్రి గూడ దానికి ఎండాకాలమే. ఆవిరి గాలి కంటె బరువు, స్టేజీ కింద కార్పెట్ పొంటి పాకి ఎక్కడో లైటు వైరు కాడ అందుకుంటది.

యూట్యూబ్ చూసి పాత కారు ఫ్యూయల్ పంపుతోని సొంతంగ మిషన్ కట్టే తెలివి గూడ ఉన్నది. చానా కార్లల్ల ఆ పంపు ట్యాంకుల మునిగి ఉంటది, సుట్టున్న పెట్రోలే దాన్ని సల్లగ ఉంచుతది. బయట పొడిగ తిప్పితే వేడెక్కుతది.

లైట్ల డీఎంఎక్స్ వైరుతోనే మంటను నడిపిస్తరు. తప్పు సిగ్నల్‌ను పట్టే ఏర్పాటు అండ్ల లేదు, ప్రమాదమైన పనులకు వాడొద్దని ఆ పద్ధతి రాసినోళ్లే చెప్పిండ్రు. అందుకే మంచి మిషన్లకు సేఫ్టీ చానెల్ వేరే ఉంటది.

2023 సెప్టెంబర్ల ఇరాక్‌ల కరాకోష్ కాడ పెండ్లి హాల్ల నిప్పురవ్వలు సీలింగ్ డెకరేషన్‌కు అంటుకొని 100 మందికి పైగా సచ్చిపోయిండ్రు. 2025 జనవరి 26న మన హుస్సేన్ సాగర్ల పటాకుల పడవలు అంటుకుంటే అండ్ల ఉన్నోళ్లు నీళ్లల్ల దుంకిండ్రు. అసొంటి పనికి ఎక్కేది ఎవలు? పగలు డిగ్రీ, రాత్రి ఈవెంట్ అని తిరిగే మన ఊర్ల పిల్లలే. హాలోడు ఫైర్ పర్మిషన్ కాగితం చూపిస్తడు. ఆ కాగితం బిల్డింగ్‌ది. గా రాత్రి డీసీఎంల దిగిన డబ్బది కాదు. డబ్బ తెచ్చినోడు "నువ్వు పోయ్‌రా, ఏం గాదు" అంటడు.

పొయ్యకముందు అడుగు: డబ్బల ఏ ఫ్యూయల్? ఒత్తిడి ఎట్ల దించాలె? ఆపే బటన్ ఎవని చేతిల ఉన్నది? సిలిండర్ పట్టుకొని పక్కన ఎవడు నిలబడుతడు? జవాబు రాకపోతే ఆ రాత్రి కూలి పోతే పోనీ. అడిగితే పని పోతదని నాకూ ఎర్కే. గందుకే ఒక్కడు కాదు, ఆ గ్యాంగుల ఉన్న నలుగురు కలిసి అడగాలె.