బ్లోయరుకు దిష్టి తగలదు, మెకానిక్కుకు దివ్యదృష్టి ఉండదు

దసరా వచ్చిందంటే మన హేతువాద మిత్రులకు చేతినిండా పని. బండ్లకు బొట్లు, బానెట్టు మీద గుమ్మడికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. వీటి మీద వ్యాసాలు రాస్తాం, నవ్వుకుంటాం. 2019 అక్టోబరు 8న, సరిగ్గా విజయదశమి రోజున, ఫ్రాన్సులోని మెరిన్యాక్‌లో మొదటి రఫేల్ విమానాన్ని అప్పగించినప్పుడు మన రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ గారు దాని మీద ఓంకారం రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. ఆ ఫోటో చూసి మనం ఎంత రాశామో, ఎన్ని జోకులు వేశామో లెక్కలేదు. వేయవలసిందే. ఆ విమానం ఎగిరేది నిమ్మకాయ వల్ల కాదు, ఏ భాగం ఎన్ని గంటలు పనిచేసింది, ఎప్పుడు విప్పి చూశారు అని రాసిపెట్టే సర్వీసింగ్ పుస్తకం వల్ల.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ నా ప్రశ్న వేరే. ఇలా నవ్విన మిత్రుడి సొంత కారులో హీటరు బ్లోయరు ఆగిపోయిందనుకోండి. ఆయన ఏం చేస్తాడు? మెకానిక్కు దగ్గరికి వెళ్తాడు. మెకానిక్కు బానెట్టు కూడా ఎత్తకుండా "మోటారు పోయింది సార్" అంటాడు. మన మిత్రుడు "సరే, మార్చు" అంటాడు. ఎలా తెలిసింది అని అడగడు. ఏం పరీక్ష చేశావని అడగడు. బాబా చేతిలోంచి విభూతి రాలితే "స్లీవు పైకి మడిచి చూపించు" అనే మనిషి, మెకానిక్కు నోట్లోంచి మోటారు రాలితే జేబులోంచి డబ్బు తీస్తాడు. దీన్ని హేతువాదం అంటారా?

హైదరాబాదులో హీటరు ఎవడు వేస్తాడండీ అని కొట్టిపారేయకండి. కార్లలో సాధారణంగా ఏసీకి, హీటరుకి బ్లోయరు ఒక్కటే. వేడి గాలైనా చల్లగాలైనా తోసేది ఆ ఒక్క ఫ్యానే. వానాకాలంలో నలుగురు ఎక్కి కిటికీలు మూస్తే, వాళ్ళ ఊపిరిలోని తేమ చల్లటి అద్దానికి తగిలి నీరై, ముందు రోడ్డు కనపడకుండా పోతుంది. లంబసింగి, అరకు వైపు శీతాకాలం తెల్లవారుజామున వెళ్ళినవాళ్ళకు ఇది తెలుసు. ఇక డిసెంబరు, జనవరిల్లో ఉత్తరాదిన పొగమంచులో నడిపేవాళ్ళకు చెప్పనే అక్కరలేదు. బయట మంచు, లోపల ఆవిరి. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గుడ్డ. ఎదురుగా లైట్లు లేని చెరకు ట్రాక్టరు. బ్లోయరు అనేది సుఖం కోసం పెట్టిన వస్తువు కాదు, అది కంటిచూపు లాంటిది.

దీని నిర్మాణం ఏమీ బ్రహ్మవిద్య కాదు. పాత బండ్లలో అయితే మరీ సులువు. బ్యాటరీ నుంచి కరెంటు ఫ్యూజుకు, కొన్నింటిలో రిలేకు, అక్కడినుంచి మోటారుకు, మోటారు నుంచి రెసిస్టరుకు, దాన్నుంచి స్పీడు స్విచ్చికి, చివరికి ఎర్తుకు. కొన్ని బండ్లలో ఈ వరస అటూ ఇటూ మారుతుంది, అంతే. రెసిస్టరు అంటే రెండు మూడు తీగచుట్టలు. మొదటి స్పీడులో కరెంటు అన్ని చుట్టల గుండా పోవాలి కాబట్టి ఫ్యాను మెల్లగా తిరుగుతుంది. స్పీడు పెంచేకొద్దీ ఒక్కో చుట్ట తప్పుకుంటుంది. ఆఖరి స్పీడులో రెసిస్టరుతో పనే లేదు, కరెంటు నేరుగా పోతుంది.

ఇది తెలిస్తే బండి తన జబ్బు తానే చెబుతుంది. ఆఖరి స్పీడు ఒక్కటే పనిచేసి మిగతావి పనిచేయకపోతే మోటారు బాగున్నట్టే కదా! పోయింది రెసిస్టరు, లేదా వేడెక్కితే తెగిపోయేలా దాని మీద పెట్టిన చిన్న ఫ్యూజు. మధ్యలో ఒక్క స్పీడు మాత్రమే పోతే స్విచ్చిలో ఆ పాయింటు చూడాలి. అసలేమీ తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత మోటారు దాకా కరెంటు వస్తోందా లేదా, ఆ తర్వాత ఎర్తు. మోటారు మీద స్క్రూడ్రైవరు పిడితో తడితే తిరగడం మొదలుపెట్టిందా, లోపల కార్బన్ బ్రష్షులు అరిగాయేమో చూడాలి. ఫ్యాను హాయిగా తిరుగుతూ గాలి చల్లగా వస్తుంటే బ్లోయరు జోలికే పోనక్కరలేదు. కూలెంటు తగ్గిందా, థర్మోస్టాటు తెరుచుకునే ఉండిపోయిందా, హీటరుకు పోయే రెండు గొట్టాలూ వేడిగా ఉన్నాయా అని చూడాలి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే లోపల నీరు తిరగడం లేదన్నమాట.

వీటికి కావలసిన పరికరం ఏమిటి? ఒక ఇండికేటరు బల్బు, రెండు వైర్లు. అదే టెస్ట్ ల్యాంపు. ఇంకొంచెం ఓపిక ఉంటే మల్టీమీటరు. నేను బీకాం చదివినవాణ్ణి, ఓం సూత్రం ఇంటర్లో కూడా చదవలేదు. రిటైరయ్యాక నేర్చుకున్నాను. నేర్చుకుంటుంటే తెలిసిందేమిటంటే, ఇది నాకు ముందే తెలిసిన విద్యే. కిర్కాఫ్ 1845లో చెప్పిన సూత్రం ప్రకారం బ్యాటరీ ఇచ్చిన వోల్టులన్నీ సర్క్యూట్లో ఎక్కడెక్కడ ఖర్చయ్యాయో కూడితే మొత్తం సరిపోవాలి. ఇది ట్రయల్ బ్యాలెన్సు కాక మరేమిటి? ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉండి, ఆఖరి స్పీడులో మోటారు దగ్గర 10 వోల్టులే ఉంటే, మిగతా 4 వోల్టులు దారిలో ఎవరో తింటున్నారు. ఎవరో పట్టుకోవాలి. అంతేగాని బ్యాలెన్సు కుదరలేదని కొత్త లెడ్జరు కొంటామా?

రెండేళ్ళ కిందట జనవరిలో మా చెల్లెలి ఇంటికి డెహ్రాడూన్ వెళ్ళాను. మేనల్లుడికి 1990ల నాటి డీజిల్ బండి ఒకటుంది. దాని బ్లోయరు ఆరు నెలలుగా ఏడిపిస్తోంది. మొదట చిన్న స్పీడులు పోయాయి, తర్వాత ఆఖరిది కూడా ఒకరోజు తిరుగుతూ ఒకరోజు ఆగుతూ ఉంది. ఒక మెకానిక్కు మోటారు మార్చాడు, 3,800 రూపాయలు. ఆ రోజు తిరిగింది. పది రోజులకు మళ్ళీ ఆగింది. ఇంకో మెకానిక్కు స్విచ్చి మార్చాడు, 1,100. ఆ రోజూ తిరిగింది. మళ్ళీ ఆగింది. అప్పుడు మా చెల్లెలు గుడిలో బండికి పూజ చేయించి, నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టించింది. ఆ రోజు కూడా తిరిగింది!

"అన్నయ్యా, నువ్వు నమ్మకపోతే నమ్మకపో. మెకానిక్కులు ఐదు వేలు తిన్నారు, స్వామి నూటొక్క రూపాయితో వారం రోజులు నడిపించాడు" అంది.

నిజానికి ఆమె వాదనలో లెక్క తప్పు లేదు. ముగ్గురి చికిత్సా ఒకటే ఫలితం ఇచ్చింది, మూడింట్లో చవక పూజే.

"మామయ్యా, అమ్మ మాటకి నా దగ్గర సమాధానం లేదు" అన్నాడు మేనల్లుడు. మర్నాడు పొద్దున టెస్ట్ ల్యాంపు పట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ఫ్యూజు దగ్గర వెలిగింది. మోటారు దాకా వెలిగింది. డ్యాష్‌బోర్డు కింద రెసిస్టరుకు తగిలించిన కప్లరు లాగి చూస్తే ప్లాస్టిక్కు గోధుమరంగుకు తిరిగి, ఒక మూల కరిగిపోయి ఉంది. ఆ బండిలో ఆఖరి స్పీడు వైరు రెసిస్టరు చుట్టల్లోంచి పోకపోయినా, ఆ కప్లరులోంచే పోతుంది. పిన్ను వదులైంది. వదులైన చోట నిరోధం పుడుతుంది. బ్లోయరు 15 ఆంపియర్లు లాగుతోంది, వదులైన పిన్ను దగ్గర నిరోధం 0.1 ఓం ఉంది అనుకుని లెక్క వేయండి. పదిహేను పదిహేన్లు 225, దాంట్లో పదోవంతు 22.5 వాట్లు. రేడియో రిపేరువాళ్ళు వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లుంటుంది. అంత వేడి ఆ గోరంత పిన్ను మీద! వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది, వదులైతే ఇంకా వేడెక్కుతుంది. చల్లారినప్పుడో, ఎవరైనా కదిలించినప్పుడో మళ్ళీ అతుక్కుంటుంది. మోటారు మార్చినవాడూ, స్విచ్చి మార్చినవాడూ డ్యాష్‌బోర్డు కింద చేయి పెట్టి ఆ వైర్లు కదిలించారు కాబట్టి తిరిగింది. పూజ రోజున బండి రెండు గంటలు గుడి ముందు చల్లగా నిలబడింది కాబట్టి తిరిగింది. కొత్త రెసిస్టరు, కొత్త కప్లరు కలిపి 600 రూపాయలు కూడా కాలేదు. వేయకముందు, కాలిన కప్లరు వదిలేసి విడి వైరుతో ఆఖరి స్పీడు దారి కలిపి చూశాం. తిరిగింది. వైరు తీశాం, ఆగింది. నాలుగుసార్లు చేశాం, నాలుగుసార్లూ అంతే. అది రుజువు. మెకానిక్కులిద్దరూ, పూజారీ చేయనిది ఆ ఒక్క పనే.

అసలు విషయం ఇక్కడుంది. పూర్తిగా చచ్చిన యంత్రం ఎవరికీ భక్తుల్ని తెచ్చిపెట్టదు. ఒకసారి పనిచేసి ఒకసారి ఆగే యంత్రమే మూఢనమ్మకానికి పుట్టిల్లు. బి.ఎఫ్. స్కిన్నర్ 1948లో పావురాల మీద చేసిన ప్రయోగం మనలో చాలామందికి తెలుసు. పావురం ఏం చేసినా చేయకపోయినా గడియారం ప్రకారం గింజలు పడతాయి. ఎనిమిది పావురాల్లో ఆరు, గింజలు పడ్డప్పుడు తాము చేస్తున్న పనే మళ్ళీ మళ్ళీ చేయడం మొదలుపెట్టాయని ఆయన రాశాడు. ఒకటి గుండ్రంగా తిరిగింది, ఇంకొకటి తల ఊపింది. (1971లో స్టాడన్, సిమ్మెల్‌హాగ్ ఇదే ప్రయోగం మళ్ళీ చేసి, పావురాల ప్రవర్తనకు వేరే వివరణ ఇచ్చారు. స్కిన్నర్ పేరు ఎత్తినప్పుడు ఈ సంగతి కూడా చెప్పడం మర్యాద.) పావురాల మాట ఎలా ఉన్నా, వదులు పిన్ను మనుషుల చేత చేయించేది మాత్రం ఇదే. ఒకరు నిమ్మకాయ కడతారు, ఒకరు మోటారు మారుస్తారు. రెండో వాడి చేతిలో స్పానరు ఉంది కాబట్టి అది సైన్సు అనుకోవడమే మన పొరపాటు.

అయితే తప్పంతా మెకానిక్కుదేనా? కాదు, ఇందులో మన వాటా ఎక్కువ. మెకానిక్కు గంటసేపు టెస్ట్ ల్యాంపుతో వెతికి, వదులు పిన్ను బిగించి, "మూడొందలివ్వండి" అంటే ఏమంటాం? "ఏం వేశావయ్యా మూడొందలకి? ఊరికే చూసినందుకేనా?" అంటాం. అదే మనిషి అట్టపెట్టెలో కొత్త మోటారు చూపించి నాలుగువేలు అడిగితే నోరెత్తకుండా ఇస్తాం. వెతికినందుకు డబ్బివ్వని చోట ఎవడు వెతుకుతాడు? సూది వేయని డాక్టరు డాక్టరే కాదు అనుకునే పల్లెటూరి రోగిని మనం వెక్కిరిస్తాం. కారు దగ్గరికి వచ్చేసరికి మనమూ ఆ రోగులమే.

పైగా ఇందులో నలిగిపోయేది మనలాంటి పెన్షనర్లు కాదు. అప్పు చేసి పాత బండి కొనుక్కుని ట్యాక్సీ తిప్పుకునేవాడు. వాడికి ఐదువేలంటే ఒక నెల ఇంటి అద్దె. అంత పోశాక కూడా బ్లోయరు తిరగకపోతే వాడు అద్దం తుడుచుకుంటూ పొగమంచులో ట్రిప్పులు వేస్తాడు, అద్దం మీద నిమ్మకాయ వేలాడుతుంటుంది. వాడికి వెళ్ళి "నిమ్మకాయ మూఢనమ్మకం" అని కరపత్రం ఇవ్వడం కంటే టెస్ట్ ల్యాంపు ఎలా పట్టుకోవాలో చూపించడం మేలని నా అభిప్రాయం. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేర్చిన 51ఎ(హెచ్) అధికరణంలో శాస్త్రీయ దృక్పథంతో పాటు పరిశీలనా స్ఫూర్తి కూడా ప్రతి పౌరుడి విధి అని ఉంది. మొదటి ముక్క మన సభల్లో బాగా వినపడుతుంది. రెండోది ఎవరికీ గుర్తుండదు.

"అందరమూ మెకానిక్కులం కాలేం కదా సార్" అని ఒక మిత్రుడు అన్నాడు. అందరమూ ఇంద్రజాలికులం కూడా కాదు, అయినా బాబాలను ప్రశ్నించడం మానలేదు. అబ్రహాం కోవూరు 1963లో లక్ష రూపాయల సవాలు విసిరినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: మోసానికి వీల్లేని షరతుల్లో చేసి చూపించు. మెకానిక్కును కూడా అంతే అడగండి, మర్యాదగానే అడగండి. మోటారు పోయిందంటే దానికి నేరుగా బ్యాటరీ కలిపి చూపించమనండి. తిరిగితే మోటారు బాగున్నట్టే. వెతకడానికి పట్టిన సమయానికి విడిగా డబ్బిస్తానని ముందే చెప్పండి. ఆ మాటతో మెకానిక్కు ముఖం మారిపోవడం నేను రెండు మూడుసార్లు చూశాను. మార్చిన పాత పార్టు ఇంటికి తెచ్చుకోండి. మా ఆఫీసులో వోచరు లేనిదే బిల్లు పాసు చేసేవాళ్ళం కాదు. పాత పార్టే ఇక్కడ వోచరు.

హీటరు గురించి ఇంకొక్క ముక్క. చలికి ఇంజను ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసి, హీటరు వేసుకుని బండిలో నిద్రపోయేవాళ్ళు ఉన్నారు. హీటరులోంచి వచ్చే వేడి కూలెంటు నీళ్ళది, దానికి విషం లేదు. కానీ పాత బండిలో సైలెన్సరు పైపుకు చిల్లు పడితే, ఆ పొగను బ్లోయరే లోపలికి తోయగలదు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. ముందు తలనొప్పి, తర్వాత మత్తు, తర్వాత చావు. 1921లో విలియం విల్మర్ అనే అమెరికన్ కంటి డాక్టరు ఒక కుటుంబం సంగతి వైద్యపత్రికలో రాశాడు. ఇంట్లో అడుగుల చప్పుళ్ళు, మనుషుల ఆకారాలు, పీడకలలు. దెయ్యాలనుకున్నారు. చివరికి చూస్తే ఇల్లు వేడిచేసే కొలిమి పొగ గదుల్లోకి వస్తోంది. కొలిమి బాగుచేశాక దెయ్యాలు పోయాయి. ఘాట్ రోడ్డు మీద హీటరు వేసుకుని వెళ్తుంటే తల తిరిగిందని ఎవరైనా చెబితే, ఆ మలుపులో ఏ అమ్మవారు ఉందో తర్వాత అడగొచ్చు, ముందు అద్దాలు దించి సైలెన్సరు చూడండి.

ఫ్యూజు పదేపదే పోతుంటే "పెద్ద ఫ్యూజు వేసేద్దాం సార్" అనేవాడో, దానికి రాగితీగ చుట్టేవాడో తగిలితే వాదించకండి. వైర్లు అంటుకునేది అలాగే. బండి తాళాలు తీసుకుని వచ్చేయండి.