ఇంటి ముచ్చట్లు: పంజరం కొనేముందు

పిల్లలు చిలుక కావాలని మారాము చేయని ఇల్లు వుండదు. రామచిలుక మాట మొదలే మరచిపోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. మన బెంగళూరు బజారులో ‘లవ్ బర్డ్స్’ పేర అమ్మే ఆస్ట్రేలియా బడ్జెరిగార్లకు ఆ చిక్కు లేదు. కొంటే జంటనే కొనండి.

ఇక పంజరం. గోపురంలాంటి గుండ్రని పంజరం చూడ ముచ్చటేగాని, పిట్ట నిట్టనిలువుగా ఎగరదు గదా! ఎత్తుకంటె పొడవు చూడండి. చువ్వల సందు అర అంగుళం మించితే తల ఇరుక్కుంటుంది. కొత్త తీగెలమీది జింకు పూత పెచ్చులూడి పిట్ట కడుపులో పడితే విషమే. వెనిగరుతో తోమి, కడిగి, ఎండబెట్టాలి.

అన్నిటికంటె ముఖ్యం కూర్చునే కొమ్మ. దుకాణంవాడిచ్చే నున్నని కడ్డీ అంతా ఒకే లావు. రోజల్లా దానిమీదే నిలిచిన పాదాలకు పుండ్లు పడతాయి. పురుగుమందు కొట్టని జామకొమ్మలు, సన్నవీ లావువీ, తెచ్చి కట్టండి. పైసా ఖర్చు లేదు. సున్నం కోసం, ముక్కు అరగడం కోసం మూలికల అంగడిలో దొరికే సముద్రపు నురుగు ముక్క చాలు. అద్దాలు, గంటలు దుకాణంవాడి లాభానికే!

ఆఫీసుకు పోయేముందు నీళ్ళు మార్చాలి. కొర్రలు, కాస్త కొత్తిమీర పెట్టవచ్చు. బటర్ ఫ్రూట్ మాత్రం వాటికి విషం సుమండీ.

పంజరం వంటింట్లో వద్దు. నాన్ స్టిక్ పెనం ఖాళీగా పొయ్యిమీద మాడితే, ఆ ఆవిరికి పిట్టలు నిమిషాలలో చచ్చిపోతాయి.