జనరల్ రిలేటివిటీకి పీహెచ్‌డీ దాకా ఆగాలా?

జనరల్ రిలేటివిటీ చదువుతున్నానని చెబితే మన క్యాంపస్‌లో రెండు ప్రశ్నలు వస్తాయి. ఒకటి, "దాంతో ప్లేస్‌మెంట్ వస్తుందా?" రెండు, "అది పీహెచ్‌డీ వాళ్ల సబ్జెక్టు కదరా, మనకెలా అర్థమవుద్ది?" మొదటిదానికి జవాబు ఒక్క ముక్క: రాదు. రెండోదానికి మాత్రం కాస్త పొడుగు జవాబు కావాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ సాధారణ సాపేక్షతా సిద్ధాంతాన్ని సమీకరణాలతో సహా మొదలుపెట్టడానికి కావలసిన సరంజామా బీటెక్ మూడో ఏడాది వాడి దగ్గర ఇప్పటికే ఉంది. వీడియోల దగ్గరే ఆగిపోనక్కర్లేదు. ఆగిపోతే నష్టం కూడా ఉంది.

ఏం నష్టం అంటారా? వీడియోల్లో అందరం చూసిందే. సాగదీసిన రబ్బరు షీటు, మధ్యలో బరువైన బంతి, దాని చుట్టూ తిరిగే గోళీ. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ షీటు ఎందుకు కుంగింది? కింద భూమి లాగుతోంది కాబట్టి. అంటే గురుత్వాన్ని వివరించడానికి మళ్లీ గురుత్వాన్నే వాడుకున్నాం! పైగా ఆ షీటులో స్థలం ఒంగడం కనిపిస్తుంది గానీ కాలం ఊసే ఉండదు. చెట్టు మీంచి మామిడికాయ రాలడం వెనక ఉన్నది దాదాపు అంతా కాలం సంగతే. నేలకు దగ్గర్లో ఉన్న గడియారం కాస్త నెమ్మదిగా, ఎత్తులో ఉన్నది కాస్త వేగంగా నడుస్తాయి. ఎంత తేడా అన్నది ఇంటర్ పిల్లలు కూడా కట్టగలిగే లెక్క: గురుత్వ త్వరణాన్ని ఎత్తుతో గుణించి, కాంతి వేగం వర్గంతో భాగించాలి. హాస్టల్లో 12 మీటర్ల ఎత్తున ఉన్న గదిలో గడియారం పెట్టి నాలుగేళ్లు కదపకుండా ఉంచితే, గ్రౌండ్ ఫ్లోర్ గడియారం కన్నా అది సుమారు 165 నానోసెకన్లు ముందుంటుంది. ఇది కాగితం మీద లెక్కే అనుకోకండి. 2010లో అమెరికాలోని నిస్ట్ శాస్త్రవేత్తలు కేవలం 33 సెంటీమీటర్ల ఎత్తుకే, అంటే సుమారు రెండు మెట్లకే, ఈ తేడాను కొలిచి చూపించారు. రబ్బరు షీటు దగ్గర ఆగినవాడికి ఈ లెక్క ఎప్పటికీ తగలదు.

ఇక మ్యాథ్స్ భయం. "టెన్సర్" అనే మాట వినగానే సగం మంది పుస్తకం మూసేస్తారు. మెకానికల్, సివిల్ వాళ్లు మోర్స్ సర్కిల్ గీసినప్పుడు చేసింది టెన్సర్ పనే. ఒక బిందువు దగ్గర స్ట్రెస్ అలాగే ఉంటుంది, అక్షాలు తిప్పితే దాని విలువలు మాత్రం మారతాయి. అవి ఏ నియమం ప్రకారం మారతాయో చెప్పడమే టెన్సర్ సారాంశం. మాత్రికలు, పార్షియల్ డెరివేటివ్స్ మనందరం మొదటి ఏడాదిలోనే రాసేశాం. ఐన్‌స్టీన్‌కైనా ఈ గణితం ముందే వచ్చేమీ కాదు. కాలేజీలో మ్యాథ్స్ క్లాసులు ఎగ్గొట్టి, పరీక్షల ముందు మార్సెల్ గ్రాస్‌మన్ అనే క్లాస్‌మేట్ నోట్సు చదివి గట్టెక్కాడు. 1912లో వక్ర జ్యామితి అవసరం పడ్డప్పుడు మళ్లీ ఆ గ్రాస్‌మన్ దగ్గరికే వెళ్లాడు. 1915 నవంబరుకి సమీకరణాలు పూర్తయ్యాయి.

అంతా తేలికే అని మభ్యపెట్టను. ఇండెక్స్ పైన ఉందా కింద ఉందా అని చూసుకుంటూ క్రిస్టాఫెల్ సింబల్స్ కడుతుంటే చిరాకొస్తుంది. మొత్తం 40 ఉంటాయి. అయితే సూర్యుడి లాంటి గుండ్రటి వస్తువుకి, 1916లో ష్వార్జ్‌షిల్డ్ ఇచ్చిన పరిష్కారంలో, సున్నా కానివి 9 మాత్రమే. పైథాన్ వచ్చినవాళ్లు సింపైతో సరిచూసుకోవచ్చు. నిజంగా పీహెచ్‌డీ స్థాయి పనులూ ఉన్నాయి. రెండు బ్లాక్‌హోల్స్ ఢీకొని కలిసిపోయే లెక్క కంప్యూటర్ మీద మొదటిసారి సజావుగా తేలింది 2005లోనే. అవి మనం చేయలేమని ఇవి కూడా వదిలేస్తామా?

జేమ్స్ హార్టిల్ 2003లో అండర్‌గ్రాడ్యుయేట్ల కోసం రాసిన "గ్రావిటీ" పుస్తకం ఈ దారిలోనే నడుస్తుంది. ముందు వక్ర స్థలకాలాన్ని చేతికిచ్చి, అందులో గ్రహాలు, కాంతి ఎలా కదులుతాయో లెక్క కట్టిస్తుంది. ఫీల్డ్ ఈక్వేషన్లు ఆ తర్వాత. ఈ దారిలో బుధ గ్రహం దగ్గరికి త్వరగానే చేరతాం. బుధుడి కక్ష్య న్యూటన్ లెక్కకు కాస్త మించి తిరుగుతోందని 1859లోనే లె వెరియే గుర్తించాడు. ఆ మిగులు శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు, డిగ్రీలో సుమారు 84వ వంతు. దాన్ని వివరించడానికి లేని గ్రహాన్ని కూడా ఊహించుకున్నారు. సాపేక్షతలో ఎఫెక్టివ్ పొటెన్షియల్‌కి ఒక్క పదం అదనంగా చేరుతుంది, అంతే. అక్కణ్ణుంచి రెండు మూడు పేజీలు ఓపిగ్గా చేస్తే 43 మన చేతిరాతలోనే వస్తుంది.

ప్లేస్‌మెంట్ ప్రశ్నకు కొందరు జీపీఎస్ పేరు చెబుతారు. ఉపగ్రహ గడియారం రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుందని, సరిచేయకపోతే రోజుకు 11 కిలోమీటర్ల తేడా పేరుకుంటుందని. నిజమే, కానీ ఆ సవరణ ఎప్పుడో జరిగిపోయింది. దానికోసం మనల్ని ఏ కంపెనీ పిలవదు. నా కారణం వేరే. మనం పరీక్షల్లో వాడే ఫార్ములాల్లో చాలావాటిని డేటా బుక్‌లోంచి తీసుకుని విలువలు వేసి వచ్చేస్తాం. అవి ఎందుకు నిజమో అడిగే తీరిక ఉండదు. నాలుగేళ్లలో ఒక్క విషయాన్నైనా మొదటి సూత్రం నుంచి, ఆకాశంలో కొలిచిన అంకె దాకా సొంతంగా నడిపించుకుని వెళ్లాలి. అలా ఒకసారి వెళ్లినవాడు ఆ తర్వాత ఏ ఫార్ములానీ గుడ్డిగా నమ్మడు. మంచి ఇంజనీరుకి కావలసిన గుణం అది కాదా?

చెప్పేవాళ్లు లేరు అంటారేమో. కలకత్తాలో సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహా అనే ఇద్దరు కుర్ర లెక్చరర్లకి కూడా చెప్పేవాళ్లు లేరు. ఇద్దరూ జర్మన్ నేర్చుకుని ఐన్‌స్టీన్ వ్యాసాలను ఇంగ్లీషులోకి అనువదించారు. 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం దాన్ని పుస్తకంగా వేసింది. అనువదిస్తూనే నేర్చుకున్నారు వాళ్లు. సాహిత్యం క్లబ్బులో ఉన్న మనకి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏం కావాలి?

కాబట్టి అడగాల్సింది అడుగుదాం. వచ్చే ఏడాది ఓపెన్ ఎలక్టివ్‌ల జాబితాలో దీన్నీ చేర్చమని సంతకాలతో ఒక లెటర్ ఇద్దాం. అది తేలేలోపు ఖాళీగా కూర్చోవద్దు. వారానికి ఒక సాయంత్రం, ఒక్కొక్కరు ఒక్కో అధ్యాయం, బోర్డు దగ్గర నిలబడి తెలుగులో చెప్పాలి. ఎక్కడ తెలుగు మాట దొరక్క ఆగిపోతామో, అక్కడే మనకి విషయం ఇంకా అర్థం కాలేదని తెలిసిపోతుంది. సీఎస్ఈ వాళ్లు కోడ్ రాయండి, మెకానికల్ వాళ్లు మోర్స్ సర్కిల్‌తో మొదలుపెట్టండి. ముందుగా హాస్టల్ గడియారం లెక్క మీ మీ అంతస్తులకి కట్టుకుని రండి.